విద్యుజ్జాల పరామితుల అంచనా: అందాజు నుండి ఖరారుకు

ఉర్దూ భాషలోని 'అందాజా' అను పదము మన తెలుగులో 'అందాజు'గా స్థిరపడినది. 'కరార్' అను పదము 'ఖరారు' అయినది. ఇంజనీరు వృత్తి యావత్తు ఈ రెండు మాటల నడుమనే సాగుచున్నదనిన అతిశయోక్తి కాదు. మన వీధిలోని విద్యుత్ తీగల నిరోధమెంత అని అడిగినచో అందాజుగా చెప్పగలవారు పలువురు కలరు. ఖరారుగా చెప్పగలవారు అరుదు. విద్యుత్తు దూరమున ఒక కేంద్రమునందు పుట్టి, ఒకే దిక్కున మన ఇండ్లకు ప్రవహించిన కాలములో ఈ లోపము వలన పెద్ద చిక్కు రాలేదు. నేడు ఇంటి కప్పులపై, పొలముల గట్లపై, చక్కెర కర్మాగారముల ఆవరణలలో సైతము విద్యుత్తు పుట్టుచున్నది. ఇట్టి జాలములో అందాజు చాలదు. ఏల చాలదో, ఖరారు చేయు మార్గమేదో విద్యార్థులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. పాత జాలము – కొత్త జాలము

కొత్తగూడెము, రామగుండము వంటి చోట్ల బొగ్గుతోను, శ్రీశైలము, నాగార్జునసాగరముల వద్ద జలముతోను ఉత్పత్తి అయిన విద్యుత్తు అధిక వోల్టేజి మార్గములపై పయనించి, మెట్టు మెట్టుగా 132, 33, 11 కిలోవోల్టులకు దిగి, చివరకు వీధి మూలలోని ట్రాన్స్‌ఫార్మరు వద్ద 433 వోల్టులగును. అందలి ఒక ఫేజు మన ఇంటికి సుమారు 240 వోల్టులుగా వచ్చును. ఈ ఏర్పాటు కాలువ నీటి పారుదల వంటిది. పై నుండి క్రిందికే ప్రవాహము. చివరి పొలమునకు నీరు తగ్గుట సహజము. చివరి ఇంటికి వోల్టేజి తగ్గుటయు అట్లే సహజము.

వికేంద్రీకృత ఉత్పత్తి వచ్చిన పిమ్మట ఈ పోలిక చెల్లదు. 2019లో ప్రారంభమైన కుసుమ్ పథకము వ్యవసాయ పంపుసెట్లకు సౌరశక్తిని జోడించినది. 2024 ఫిబ్రవరిలో ఆరంభించిన సూర్యఘర్ పథకము కోటి గృహముల కప్పులపై సౌర ఫలకములు నెలకొల్పుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. మిట్ట మధ్యాహ్నము వీధి చివరి ఇల్లే విద్యుత్తును పంపు కేంద్రమగును. అప్పుడు చివరన వోల్టేజి తగ్గుటకు బదులు పెరుగును. మేఘము కమ్మినంతనే మరల తగ్గును. ప్రవాహపు దిక్కు దినములో పలుమార్లు మారును.

2. స్థితి – పరామితి

ఈ రెండు పదముల భేదమును మొదట గ్రహింపవలెను. వోల్టేజి, ప్రవాహము, సామర్థ్యము అనునవి క్షణక్షణము మారునవి. వీనిని జాలము యొక్క స్థితి అందురు. తీగ నిరోధము, ప్రతిరోధము, ట్రాన్స్‌ఫార్మరు అవరోధము, దాని చుట్ల నిష్పత్తి అనునవి జాలము యొక్క స్వభావమును తెలుపునవి; ఇవి పరామితులు. మనిషి విషయములో నాడి వేగము స్థితి వంటిది, గుండె నిర్మాణము పరామితి వంటిది. మీటరు మనకు స్థితిని చూపును. పరామితిని నేరుగా చూపు మీటరు తీగపై వ్రేలాడదు. స్థితులను బట్టి లెక్కవేసి దానిని రాబట్టవలెను. ఆ రాబట్టుటయే అంచనా.

"తీగ పొడవు, మందము దస్త్రములో వ్రాసియుండగా లెక్కతో పనియేమి?" అని విద్యార్థులు అడుగవచ్చును. దస్త్రములో వ్రాసినది తీగను కట్టిన నాటి మాట. ఆ తరువాత గాలివానకు తెగిన చోట వేరొక తీగ వేసియుందురు. అతుకులు తుప్పుపట్టి నిరోధము పెరిగియుండును. కాలిన ట్రాన్స్‌ఫార్మరునకు తిరిగి చుట్లు చుట్టినప్పుడు దాని అవరోధము పేరుపలకపై ఉన్న శాతముతో సరిపోవునని నమ్మకము లేదు. వీనికి తోడు ఉష్ణోగ్రత యొకటి. అల్యూమినియము నిరోధము ఒక సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.4 శాతము చొప్పున పెరుగును. 25 డిగ్రీల వద్ద కొలిచిన తీగ మండుటెండలో భారము మోయుచు 75 డిగ్రీలకు చేరినచో నిరోధము సుమారు 20 శాతము ఎక్కువగును. దస్త్రములోని అంకె మాత్రము మారదు.

3. ప్రయోగశాలలో నేర్చిన పాఠము

విద్యుద్ఘటము యొక్క అంతర్నిరోధమును కనుగొను ప్రయోగమును మీరందరు చేసియుందురు. ప్రవాహము లేనప్పుడు ఘటము 1.50 వోల్టులు చూపినది, 0.5 ఆంపియరు తీసికొనగా 1.25 వోల్టులకు తగ్గినది. తగ్గుదల 0.25 వోల్టును ప్రవాహము 0.5 ఆంపియరుతో భాగించగా అంతర్నిరోధము 0.5 ఓము వచ్చును. ఎంత క్లిష్టమైన జాలమైనను, అది రేఖీయమైనదైనచో, రెండు కొసల మధ్య నుండి చూచినప్పుడు ఒక విద్యుచ్ఛాలక బలముగాను, ఒక నిరోధముగాను భావింపవచ్చునని ఫ్రాన్సు దేశపు తంతి ఇంజనీరు లియాన్ థెవెనిన్ 1883లో నిరూపించెను. అనగా మన ఇంటి ప్లగ్గు వెనుక నున్న యావత్ జాలమును ఒక పెద్ద ఘటముగా భావించి, ఘటమునకు చేసిన లెక్కనే దానికిని చేయవచ్చును. ఏకాంతర ప్రవాహములో నిరోధమునకు మారుగా అవరోధమును గ్రహించిన చాలును.

ఈ లెక్క సులభము. కాని ఇందులో ఒక షరతు దాగియున్నది. రెండు కొలతల నడుమ మనము తీసికొనిన ప్రవాహము తప్ప మరేదియు మారియుండరాదు. ప్రయోగశాలలోని ఘటమునకు పొరుగువారు లేరు. జాలములో ఉన్నారు.

4. పొరుగింటి ప్రవాహము

ఒక చిన్న ఉదాహరణము గైకొందము. సులభత కొరకు ప్రతిరోధమును విడిచి నిరోధమును మాత్రమే లెక్కింతము. ట్రాన్స్‌ఫార్మరు వద్ద 240 వోల్టులు స్థిరముగా ఉన్నవనుకొనుడు. అక్కడ నుండి వీధి స్తంభము వరకు రానుపోను నిరోధము 0.4 ఓము. స్తంభము నుండి మన ఇంటికి 0.3 ఓము. అదే స్తంభము వద్ద పొరుగింటి సౌర ఇన్వర్టరు కలియుచున్నది. మన ఇంటి నుండి చూచిన నిజమైన నిరోధము ఈ రెండింటి మొత్తము, అనగా 0.7 ఓము.

మొదటి సందర్భము. పొరుగింటి ఇన్వర్టరు నిద్రించుచున్నది. మనము 10 ఆంపియర్లు తీసికొనగా వోల్టేజి 240 నుండి 233కు తగ్గినది. తగ్గుదల 7, నిరోధము 0.7 ఓము. లెక్క సరియైనది.

రెండవ సందర్భము. మనము 10 ఆంపియర్లు తీసికొనిన క్షణముననే పొరుగింటి ఇన్వర్టరు 10 ఆంపియర్లు పంప నారంభించినది. మనకు కావలసినది స్తంభము వద్దనే దొరికినది గనుక వీధి తీగలో ప్రవాహము లేదు. తగ్గుదల మన సొంత తీగలోని 3 వోల్టులు మాత్రమే. మీటరు 237 చూపును. లెక్కకు నిరోధము 0.3 ఓము వచ్చును.

మూడవ సందర్భము. మొదటి కొలత నాటికి పొరుగువారు 10 ఆంపియర్లు పంపుచుండిరి; మన వద్ద వోల్టేజి 244. మనము భారము వేసిన క్షణమున మేఘము కమ్మి వారి ఉత్పత్తి ఆగినది. వోల్టేజి 233కు పడినది. తగ్గుదల 11, లెక్కకు నిరోధము 1.1 ఓము.

తీగ ఒకటే. కొలత సాధనము ఒకటే. సూత్రము ఒకటే. ఫలితములు మాత్రము 0.7, 0.3, 1.1. మీటరు అబద్ధమాడలేదు, సూత్రము అబద్ధమాడలేదు. ప్రక్క నుండి వచ్చిన ప్రవాహమును లెక్కలో చేర్చకపోవుటయే దోషము. ఒకచోటి వోల్టేజిని ఆ చోటి ప్రవాహముతో భాగించి సత్యమును తెలిసికొను పాత అలవాటు, ప్రక్క ప్రవాహములు గల జాలములో చెల్లదు. ఈ వ్యాసమునకు ఇదియే ప్రధాన సూత్రము.

5. దోషమునకు విరుగుడు

పొరుగింటి ప్రవాహమును కూడ కొలిచినచో చిక్కు వీడును. మన వోల్టేజి మూడు తెలియని రాశులపై ఆధారపడియున్నది: మూలపు వోల్టేజి, మన ప్రవాహపు గుణకము, పొరుగు ప్రవాహపు గుణకము. తెలియని రాశులు మూడైనప్పుడు సమీకరణములు మూడు కావలెను. పై ఉదాహరణములో పొరుగు ప్రవాహమును కూడ వ్రాసికొనిన కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి సాధించుడు. మూలపు వోల్టేజి 240 అనియు, మన గుణకము 0.7 అనియు, పొరుగు గుణకము 0.4 అనియు తేలును. ఇందు మరియొక లాభము కలదు. పొరుగు గుణకము 0.4 అనగా ఇద్దరికిని ఉమ్మడియైన వీధి తీగ నిరోధమే. 0.7 నుండి 0.4 తీసివేయగా మన సొంత తీగ 0.3 ఓము విడిగా తెలియును. ఏ అతుకు పాడైనదో, అది వీధిలో ఉన్నదో మన ఇంటి ముంగిట ఉన్నదో స్తంభమెక్కకయే చెప్పవచ్చును. రెండు మీటర్ల పొందిక ఒక్క మీటరు ఎన్నటికిని చెప్పలేని సంగతిని చెప్పినది.

నిజమైన కొలతలలో స్వల్ప దోషములు తప్పవు. మూడు కొలతలతో మూడు రాశులను సాధించినచో ఆ దోషములన్నియు ఫలితములోనికి దిగును. అందువలన మూడింటికి బదులు మూడు వందల కొలతలు తీసికొని, అన్నింటికిని వీలయినంత దగ్గరగా పోవు విలువలను ఎన్నుకొందురు. దగ్గర అనగా, తేడాల వర్గముల మొత్తము కనిష్ఠముగా నుండుట. దీనినే కనిష్ఠ వర్గ పద్ధతి అందురు. ఇది ఖగోళ శాస్త్రపు కానుక. 1801 జనవరి 1న సిసిలీ ద్వీపమందలి పాలెర్మోలో పియాజీ కనుగొన్న సెరెస్ అను గ్రహశకలము కొద్ది వారములకే సూర్యకాంతిలో మరుగైనది. ఉన్న కొద్దిపాటి పరిశీలనల నుండి జర్మను గణితజ్ఞుడు గౌస్ దాని మార్గమును గణించెను. అతడు చూపిన దిక్కుననే ఆ సంవత్సరాంతమున అది తిరిగి కనబడెను. కనిష్ఠ వర్గ పద్ధతిని 1805లో లెజాండ్ర్, 1809లో గౌస్ ప్రకటించిరి. 1970లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఫ్రెడ్ ష్వెప్ ఈ భావమునే విద్యుజ్జాలమునకు అన్వయించి, జాల స్థితిని అంచనా వేయు పద్ధతిని నెలకొల్పెను. ఆకాశమును కొలిచిన కొలబద్దయే తీగను కొలుచుటకును అక్కరకు వచ్చినది.

6. ఒకే మేఘము, ఒకే సూర్యుడు

కొలతల సంఖ్య పెరిగిన కొలది ఫలితము మెరుగగునని తలచుట సహజము. సౌర విద్యుత్తు విషయమున ఇది అన్నివేళల నిజము కాదు. పై ఉదాహరణములో మన కప్పుపైన కూడ ఫలకములు ఉన్నవనుకొనుడు. ఇద్దరి కప్పులపై ప్రకాశించు సూర్యుడు ఒక్కడే. కమ్ము మేఘము ఒక్కటే. మన ఉత్పత్తి 5 ఆంపియర్లైనప్పుడు వారిదియు 5. మనది 10 అయినప్పుడు వారిదియు 10. వోల్టేజి ప్రతి ఆంపియరుకు 1.1 వోల్టు చొప్పున పెరుగును. ఈ 1.1 అనునది 0.7, 0.4ల మొత్తము. కాని దానిని 0.7, 0.4గా విభజింపవలెనో, 0.6, 0.5గా విభజింపవలెనో చెప్పుటకు ఆ కొలతలలో ఆధారము లేదు. అట్టి కొలతలు వేయి తీసికొన్నను, లక్ష తీసికొన్నను స్థితి ఇంతియే. కలిసి మారునవి విడిగా తెలియవు.

కనుక కొలతల సంఖ్య కంటె కొలతల వైవిధ్యము ముఖ్యము. సాయంకాలము ఒక ఇంట దీపములు వెలుగును, మరియొక ఇంట మోటారు తిరుగును. ప్రవాహములు వేరువేరుగా మారును. మధ్యాహ్నపు వేయి కొలతలు ఇవ్వని సమాచారమును సంధ్యవేళ కొలతలు ఇరువది ఇవ్వగలవు. జాల పరామితులను అంచనా వేయదలచినవాడు గంటలను ఎన్నుకొనుట నేర్వవలెను.

ఇట్టి చిక్కే ప్రతిరోధము విషయమునను కలదు. వోల్టేజి తగ్గుదలలో రెండు భాగములు కలవు. పనిచేయు సామర్థ్యము నిరోధముతో గుణింపబడి ఒక భాగమగును. తీగకును అయస్కాంత క్షేత్రమునకును మధ్య వచ్చిపోవుచుండు రియాక్టివ్ సామర్థ్యము ప్రతిరోధముతో గుణింపబడి రెండవ భాగమగును. 400 కిలోవోల్టుల మార్గములో ప్రతిరోధము నిరోధమునకు అనేక రెట్లు. వీధి తీగలో నిరోధమే అధికము. సౌర ఇన్వర్టరు సాధారణముగా పనిచేయు సామర్థ్యమునే పంపును. రియాక్టివ్ సామర్థ్యము మారదు. మారనిదాని గుణకము తెలియదు. అయితే నేటి ఇన్వర్టర్లు రియాక్టివ్ సామర్థ్యమును ఆజ్ఞానుసారము మార్చగలవు. కొద్దిపాటి మార్పును బుద్ధిపూర్వకముగా ప్రవేశపెట్టి, వోల్టేజి ఎంత చలించినదో చూచినచో ప్రతిరోధము తెలియును. వైద్యుడు వ్రేలితో తట్టి శబ్దమును వినుట వంటిదిది.

7. పొరపాటు అంచనా వలన నష్టమేమి?

మొదటిది వోల్టేజి. భారత విద్యుత్ నిబంధనలు (1956), తరువాతి సవరణలతో, అల్ప వోల్టేజి వినియోగదారునకు అటునిటు 6 శాతము వరకు తేడాను అనుమతించెను. 240 వోల్టులపై 6 శాతము కలుపగా 254.4 వోల్టులగును. మన ఇంటి నుండి 20 ఆంపియర్లు జాలములోనికి పంపదలచితిమి. నిరోధము 0.7 ఓము అయినచో వోల్టేజి 14 పెరిగి 254 అగును, హద్దులోనే ఉన్నది. అతుకులు పాడై నిరోధము 1.0 ఓము అయినచో 260 అగును, హద్దు దాటినది. ఇన్వర్టరు ఆత్మరక్షణకై ఆగిపోవును. ఎండ మిక్కుటముగా ఉన్న గంటలోనే ఉత్పత్తి సున్నయగుట చూచి యజమాని ఫలకములను నిందించును. దోషము ఫలకములలో లేదు, తీగలో ఉన్నది.

రెండవది రక్షణ. పెద్ద మార్గములను కాపాడు దూర రిలే అను సాధనము తానున్న చోటి వోల్టేజిని ప్రవాహముతో ఎడతెగక భాగించుచుండును. భాగఫలము నియమిత విలువ కంటె తగ్గినచో సమీపమున లోపము కలిగినదని యెంచి మార్గమును తెంచును. అనగా రిలే స్వయముగా అవరోధమును అంచనా వేయు యంత్రమే. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతము చీకటిలో మునిగినప్పుడు సుమారు 36,000 మెగావాట్లు, మరునాడు సుమారు 48,000 మెగావాట్ల భారము కోల్పోయినది. దానికి అనేక కారణములు కలవు. ఆ గొలుసులో ఒక కీలకమైన లంకె 400 కిలోవోల్టుల బీనా – గ్వాలియర్ మార్గము. దానిపై లోపమేదియు లేకున్నను, అధిక భారమును, తగ్గిన వోల్టేజిని చూచి దూర రిలే లోపమని భ్రమించి తెంచినదని విచారణలో తేలినది.

ప్రక్క ప్రవాహము దీనికి విరుద్ధమైన పొరపాటును తెచ్చును. రిలే నుండి లోపము వరకు 8 ఓములనుకొనుడు; నడుమ 4 ఓముల వద్ద ఒక చక్కెర కర్మాగారపు జనరేటరు కలియుచున్నది. రిలే గుండా 400 ఆంపియర్లు, జనరేటరు నుండి 200 ఆంపియర్లు లోపములోనికి పోవుచున్నవి. మొదటి భాగములో 400ను 4తో గుణింపగా 1600. రెండవ భాగములో 600ను 4తో గుణింపగా 2400. మొత్తము 4000 వోల్టులు. రిలే దీనిని తనకు తెలిసిన 400 ఆంపియర్లతోనే భాగించి 10 ఓములని తలచును. దానిని 9 ఓములకు సవరించియుంచినచో, 8 ఓముల దూరమున నిప్పురవ్వలు రాలుచున్నను అది కదలదు. నాల్గవ భాగములో చూచిన పొరుగింటి కథయే ఇచట పెద్ద రూపమున వచ్చినది.

మూడవది ప్రాణభయము. పైనుండి సరఫరా ఆగిన తరువాత కూడ కప్పులపై ఇన్వర్టర్లు తమలో తాము వీధిని నడపుచుండినచో, తీగ చచ్చినదని తలచి స్తంభమెక్కిన లైన్‌మాను ప్రాణములు పోవును. అందుచే సరఫరా పోయిన వెంటనే ఇన్వర్టరు ఆగవలెనని నియమము. సరఫరా పోయినదని అది ఎట్లు గ్రహించును? జర్మనీలో ఒకప్పుడు జాలపు అవరోధములోని ఆకస్మిక మార్పును కనిపెట్టి ఆగునట్లు ఇన్వర్టర్లను నిర్మించిరి. ఇందుకై ప్రతి యంత్రము చిన్న స్పందనమును జాలములోనికి పంపి, జవాబును వినెడిది. ఇన్వర్టర్లు కొద్దిగా ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగుగనే నడచినది. ఒక వీధిలో అనేకములు చేరగా ఒకదాని స్పందనము మరియొకదానికి అడ్డుతగిలి, కొలతలు చెడిపోవుట కానవచ్చినది. నలుగురు ఒకేసారి మాటలాడినచో ఎవ్వరి మాటయు వినబడదు. ఒక్క ఇంటికి సరిపడిన పద్ధతి ఊరంతటికి సరిపడునని తలచరాదు.

8. నమూనాపై గుడ్డి నమ్మకము

గణన యంత్రములో నిర్మించిన జాలపు నమూనా, అందలి పరామితులు నిజమైనంతవరకే నిజము. 1996 ఆగస్టు 10న అమెరికా పశ్చిమ తీరపు జాలము కూలి సుమారు 75 లక్షల మంది వినియోగదారులకు విద్యుత్తు లేకపోయినది. తరువాత అదే సంఘటనను నమూనాలో నడిపి చూడగా, నిజమునందు పెరుగుచు పోయిన ఊగులాట నమూనాలో అణగిపోయినది. కాగితముపై జాలము క్షేమము. తీగలపై జాలము కూలినది. ఈ అనుభవము తరువాతనే నమూనాలను కొలతలతో సరిచూచు పని గట్టిగా ఆరంభమైనది.

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతయు చీకటైనది. పెనుగాలులకు ప్రసార గోపురములు కూలి, రెండు నిమిషములలో ఆరు మారులు వోల్టేజి కుంగినది. ఇన్ని మారులు వోల్టేజి కుంగినచో ఆగిపోవలెనని కొన్ని గాలిమరలలో ముందే అమర్చిన హద్దు ఒకటి కలదు. ఆ హద్దు జాల నిర్వాహకులకు తెలియదు. ఏడు క్షణములలోపుననే 456 మెగావాట్ల గాలి విద్యుత్తు తగ్గినది. పొరుగు రాష్ట్రమును కలుపు మార్గము ఆ భారమును మోయలేక తెగినది. నేటి జాలములో పరామితి అనగా తీగ నిరోధము మాత్రమే కాదనియు, ప్రతి ఇన్వర్టరులో వ్రాసియుంచిన హద్దులును పరామితులేయనియు ఇందుండి గ్రహింపవలెను. తీగ రాగితోను అల్యూమినియముతోను చేయబడినది. ఈ కొత్త పరామితులు అంకెలతో చేయబడినవి. వీనిని కూడ తెలిసికొని, కొలతతో సరిచూడవలెను.

దూరదూరములనున్న కొలతలను జోడించుటకు అవి ఒకే క్షణమునకు చెందినవై ఉండవలెను. ఈ చిక్కును తీర్చిన ఫేజరు కొలత సాధనమును 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్ రూపొందించిరి. ఫడ్కే మన ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో చదివినవాడు. ఉపగ్రహము పంపు కాలసంకేతముతో ఈ సాధనములు సెకనులో పదిలక్షవ వంతు వరకు ఒకే గడియారమును అనుసరించును. 50 హెర్ట్‌జుల జాలములో ఆ స్వల్పకాలము 0.018 డిగ్రీల కోణమునకు మాత్రమే సమానము. మన దేశపు ప్రసార జాలములో ఇవి అమర్చబడినవి. వీధి జాలములో ఇంతటి సూక్ష్మ సాధనములు విరివిగా పెట్టుట వ్యయసాధ్యము. అక్కడ స్మార్టు మీటర్ల కొలతలు, గంటల ఎన్నిక, కనిష్ఠ వర్గ పద్ధతి అనునవే మన ఆధారములు.

9. విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

ఈ పాఠమును ప్రయోగశాలలో పరీక్షించుటకు ఇంటి విద్యుత్తును ముట్టుకొనవలసిన అవసరము లేదు, ముట్టుకొనరాదు కూడ. రెండు ఘటములు, మూడు నిరోధములు, ఒక వోల్టు మీటరు, రెండు ఆమ్మీటర్లు చాలును. ఒక ఘటము ట్రాన్స్‌ఫార్మరు. రెండవది పొరుగింటి ఇన్వర్టరు. మూడు నిరోధములలో ఒకటి వీధి తీగ, ఒకటి మన తీగ, ఒకటి భారము. రెండవ ఘటమును కలిపియు, తీసివేసియు కొలతలు వ్రాసికొనుడు. మొదట పొరుగు ఆమ్మీటరును చూడక లెక్కవేయుడు; తరువాత చూచి లెక్కవేయుడు. రెండు జవాబుల తేడాయే ఈ వ్యాస సారాంశము. గణిత విద్యార్థులు దానిని కనిష్ఠ వర్గ పద్ధతితో సాధించి భౌతికశాస్త్ర విద్యార్థులకు తోడ్పడవచ్చును.

కళాశాల భవనముపైనో, వసతి గృహముపైనో సౌర ఫలకములు నెలకొల్పదలచిన కమిటీ పెద్దలు ఫలకముల ధరను విచారించుటతో పాటు ఐదు ప్రశ్నలను అర్హతగల ఇంజనీరును అడుగుట మేలు. మనకు సరఫరా చేయు ట్రాన్స్‌ఫార్మరు పేరుపలకపై అవరోధ శాతమెంత, దానికి తిరిగి చుట్లు చుట్టిరా? మన సరఫరా చివర నేటి అవరోధము కొలత ప్రకారమెంత? ఆ కొలత ఏయే గంటలలో, పొరుగు ఉత్పత్తి ఏ స్థితిలో ఉండగా తీసినది? ఇన్వర్టరు ఎన్ని వోల్టుల వద్ద ఆగునట్లు అమర్చిరి? సరఫరా పోయినంతనే అది ఆగునని ఎదుట పరీక్షించి చూపుదురా? ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా జవాబులు తీసికొని దస్త్రములో ఉంచి, ఏటేట కొలత తీయించి ప్రక్కన వ్రాయవలెను. ఏటికేడు పెరుగుచున్న అంకె, నిప్పు అంటుకొనక ముందే వదులైన అతుకును చూపించును.

తీగ మాటలాడదు, కాని సరియైన ప్రశ్న అడిగినచో జవాబు చెప్పును. ఆ ప్రశ్నలో పొరుగువారి లెక్కయు ఉండవలెను, మార్పును ఉండవలెను. ఒంటరిగా తీసిన కొలత అందాజు. నలుదిక్కుల నుండి, వేరువేరు వేళల తీసి, ఒకదానితో ఒకటి సరిచూచిన కొలత ఖరారు. రేపటి జాలమును నడుపబోవు విద్యార్థులు ఈ భేదమును నేడే అలవరచుకొందురుగాక.